బానిసల నివాసాలనూ చూడాలి

అమెరికా తొలినాళ్ల కథను టీవీ ధారావాహికల్లో చూసి వర్జీనియాలోని మౌంట్ వెర్నన్ ఎస్టేటుకు వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నివసించిన భవనం ముందు ఫొటోలు దిగి, అదే ఆవరణలోని బానిసల నివాసాలను, వారి శ్మశానాన్ని చూడకుండానే తిరిగిపోతున్నారు. 1799లో ఆయన కన్నుమూసేనాటికి ఆ ఎస్టేటులో 317 మంది బానిసలుండేవారు. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ జీవితంపై 2008లో వచ్చిన ధారావాహికను కొంతమేర చిత్రీకరించిన వర్జీనియా చారిత్రక పట్టణం విలియమ్స్‌బర్గ్‌లో, అమెరికా విప్లవం నాటికి సగానికి పైగా జనం నల్లజాతివారే అయినా, సందర్శకుల చూపంతా గుర్రపు బగ్గీలు, పాతకాలపు దుస్తుల (వాటి అందాన్ని కాదనలేం) మీదే నిలుస్తోంది. యాత్రలు ఏర్పాటు చేసే తెలుగు సంఘాలు బానిసల జీవితాన్ని వివరించే గైడెడ్ టూర్‌కు కనీసం ఒక గంట కేటాయించి, బయలుదేరేముందే తెలుగులో చిన్న పరిచయ పత్రం పంచాలి.

– ఒక పాఠకుడు, వర్జీనియా