నేలపట్టు నిధి వేట నడక: ఈ సీజన్‌లో డబ్బాలు ఎక్కడ ఉంటాయి, ఎక్కడ ఉండవు

నేలపట్టు పక్షుల చెరువు దగ్గర, దాచిన డబ్బాలు వెతికే మా నడకకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం. వానలు మొదలవుతున్నాయి, బుకింగ్ మెసేజ్‌లు కూడా వస్తున్నాయి. వాటిలో ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే: "డబ్బాలన్నీ ఊరి వైపే ఎందుకు? పక్షుల దగ్గర పెడితే పిల్లలకు ఇంకా మజాగా ఉంటుంది కదా?" రాత్రి నడక పెట్టమని అడిగినవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ నేను చేయను. ఎందుకో మీరు డబ్బు కట్టక ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఆట గురించి కొంచెం చెబుతాను. దీన్ని జియోక్యాచింగ్ అంటారు. ఒకరు ఒక డబ్బా దాచి, అది ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. మిగతావాళ్లు జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు, తేదీ రాసి డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలి. అందులోని బొమ్మ తీసుకుంటే అంతకు తగ్గని వస్తువు ఒకటి వేయాలి. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం, జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపిన తేడాను తీసేసింది, దాంతో మామూలు జనానికీ చోటు ఇంకా సరిగ్గా తెలియసాగింది. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, దాని లొకేషన్ అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆట అలా మొదలైంది. మనకిప్పుడు జీపీఎస్ లాంటి సొంత నావిక్ ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. వాటిలో మొదటిది 2013 జూలై 1న పైకి వెళ్లింది శ్రీహరికోట నుంచే, అంటే మన పక్కనుంచే. ఈ సంగతి చెప్పగానే పిల్లలు ఫోన్ మీదనుంచి చూపు తిప్పి తూర్పు వైపు చూస్తారు. నాకు అది భలే ఇష్టం.

ఇక అసలు విషయం. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా ఓ ఐదు మీటర్లు అటూఇటూగానే చూపిస్తుంది. చెట్ల కింద తేడా ఇంకా పెరుగుతుంది. అంటే డబ్బా దగ్గరికి వచ్చాక ఫోన్ పెద్దగా పనికిరాదు. పొదలు కదపాలి, రాళ్లు ఎత్తాలి, "ఇక్కడ లేదు, అటు చూడరా" అని అరుచుకోవాలి. ఆటలో మజా అంతా అక్కడే ఉంది, ఒప్పుకుంటాను. కానీ నేలపట్టు చెరువుగట్టు మీద అది కుదరదు.

నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గరుంది ఈ చెరువు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నెల్లూరోళ్లకు ఇది మన చెరువే. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. ఆ చెట్లు నెలల తరబడి మొదలు మునిగి ఉన్నా చావవు. పెద్ద పక్షులు పులికాట్ సరస్సు దాకా ఎగిరివెళ్లి చేపలు తెస్తాయి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలో దూర్చి తింటుంది. బైనాక్యులర్స్‌లో మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లను మింగేస్తోందని కంగారు పడతారు. గట్టు మీద గోలకు బెదిరి తల్లి ఎగిరిపోయిందంటే, ఈకలు రాని పిల్లకు ఎండ తగలకుండా అడ్డుండేది ఎవరూ లేరు. గుడ్డు మీద కాకి వాలడానికి ఎంతసేపు పడుతుంది? రాత్రిపూట టార్చ్ లైట్లయితే ఇంకా ఘోరం.

చట్టం సంగతి కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అడుగు పెట్టాలంటేనే అనుమతి కావాలి. ఇక లోపల వస్తువులు దాచిపెట్టి రావడం గురించి చెప్పేదేముంది. రేపు ఎవరైనా అనుమతి ఇచ్చినా సరే, నేను పెట్టను.

అందుకే లోపల మన ఆట వేరుగా ఉంటుంది. డబ్బా లేని ఆట నా సొంత కల్పన ఏమీ కాదు. 2004లోనే ఎర్త్‌క్యాష్ పేరుతో వచ్చింది. చెప్పిన చోటికి వెళ్లి, అక్కడి రాతినో నేలనో చూసి ప్రశ్నకు జవాబు చెబితే దొరికినట్టే. మనం పక్షులతో ఆడతాం. నత్తగుల్ల కొంగల గుంపులో ఈ ఏటి పిల్ల ఏదో కనిపెట్టాలి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తే పెద్దది, సందు లేకపోతే పిల్ల. గూడబాతు ముక్కు మీద చుక్కలు పైభాగంలోనా, కిందిభాగంలోనా? ఇలాంటివి వాచ్‌టవర్ మీదనుంచి, నడకదారి మీదనుంచి కదలకుండా, గొంతు పెంచకుండా తేల్చాలి. జవాబులు కలిపితే ఊళ్లో దాచిన చివరి డబ్బా లొకేషన్ అంకెలు వస్తాయి.

అసలు డబ్బాలన్నీ ఊళ్లో, స్థల యజమానుల అనుమతితో పెట్టినవే. ఒకటి టీ కొట్టు దగ్గర, ఒకటి పొలం గట్టు పక్కన, అలా. ఏ రెండింటి మధ్యా 161 మీటర్లకు తగ్గదు, ఈ ఆటకు ప్రపంచమంతా ఉన్న నియమం అది. ఇక్కడి రైతులు పక్షులు వస్తే సంతోషిస్తారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు మరి. మీరు కట్టే డబ్బులో కొంత, డబ్బా పెట్టుకోనిచ్చిన ఇళ్లకు వెళ్తుంది. భోజనం కూడా ఊళ్లోనే.

ధర పెంచక తప్పలేదు. లోపలికి చిన్న గుంపునే తీసుకెళ్తున్నాను కాబట్టి వ్యాన్ ఖర్చు తక్కువమంది మీద పడుతోంది. పెద్దలకు 900, పిల్లలకు 500. ఎక్కువ అనిపిస్తే, నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర ఫోన్ వాడకం నేర్పే మొదటి డబ్బా ఒక్కటే ఆడి వెళ్లొచ్చు, దానికి డబ్బు తీసుకోను. పక్షులు కనిపిస్తాయని గ్యారంటీ ఇవ్వలేను. చెరువు నిండితేనే గూళ్లు. వాన సరిగ్గా పడని ఏడాది ఆ మాట ముందే చెబుతాను, అప్పుడు రావాలో వద్దో మీ ఇష్టం. తుఫాను హెచ్చరిక ఉంటే నడక రద్దు, డబ్బు మొత్తం వాపస్.

వచ్చేటప్పుడు ఈ ప్రాంతం మ్యాప్ ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, మ్యాప్‌కు కావాలి. పెన్సిల్ తెచ్చుకోండి, తడి కాగితం మీద పెన్ను పారదు. డబ్బాల్లో చాక్లెట్లు, బిస్కెట్లు వేయొద్దు, చీమలూ ఎలుకలూ డబ్బాను వదలవు. మెరిసే రంగుల బట్టలు, స్పీకర్లు, డ్రోన్లు వద్దు. విదేశాల నుంచి సెలవుల్లో వచ్చేవాళ్లకు ఒక మాట: శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు. మామూలు ఫోన్ చాలు.