ఎంపిక జాబితాలో పేరు లేని పిల్లల కోసం: క్రీడాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మన నగరానికి చెందిన జ్యోతి యర్రాజి 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయినప్పుడు మా పిల్లలు ఆ పరుగును ఫోన్లలో మళ్లీ మళ్లీ చూసుకుని మురిసిపోయారు. ఆమె దారిలో నడవాలనుకునే పిల్లలందరి మానసిక ఆరోగ్యం గురించే ఈ విన్నపం.

ఎంపిక జాబితా గోడకు అంటించిన సాయంత్రం మీరు ఒక్కసారి మైదానానికి రండి. పేరు లేని పిల్ల జాబితాను పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి వేలు పెట్టి చదువుతుంది. ఇంటి నుంచి ఫోను మోగుతున్నా ఎత్తదు. మోకాలు వాచి ఉంటే వెంటనే ఐసు పెట్టి కట్టు కడతాం. కుంగిన మనసుకు మాత్రం "ధైర్యంగా ఉండమ్మా" అన్న మాటే మందు. కొందరు మరునాటి నుంచి మైదానం మొహం చూడరు.

ఓడినవారి గోడు మాత్రమే కాదిది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన షూటర్ అభినవ్ బింద్రా, ఆ తర్వాత తాను కుంగుబాటుకు లోనయ్యానని స్వయంగా చెప్పారు. టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్న అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, గాలిలో తన శరీరం ఏ దిశలో ఉందో తెలియడం లేదని చెప్పింది. జిమ్నాస్ట్‌కు అది ప్రాణాపాయం. ఆమెను ఆగనిచ్చారు కాబట్టే 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలవగలిగింది.

మన దగ్గర పిల్లలు నోరు విప్పకపోవడానికి అసలు కారణం భయం. నిద్ర పట్టడం లేదని చెబితే "ఈ పిల్ల ఒత్తిడి తట్టుకోలేదు" అని పక్కన పెడతారని భయం. అందుకే నా మొదటి కోరిక ఇది: కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాట కోచ్‌కు గానీ, సెలెక్టర్లకు గానీ చేరకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. ఆ హక్కు మైదానం దాకా రావాలి.

మనుషులకు కొరత లేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది. వారిని మైదానాలతో కలపండి. మా కోచ్‌లకూ శిక్షణ ఇప్పించండి. మానసిక ఆరోగ్యానికి ఫోనులో ఉచితంగా సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి స్టేడియంలో, దుస్తులు మార్చుకునే గదుల్లో కూడా రాయించండి.

వచ్చే ఎంపిక పోటీలకు ఒక కౌన్సెలర్‌ను పంపండి. పిల్లలు ఏకాంతంగా మాట్లాడుకునేందుకు గది మేం సిద్ధం చేస్తాం.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం