కార్తీకంలో నీసు మానారు సరే, కిరాణా చీటీలో పప్పు పెరిగిందా?

సంపాదకులు గారికి,

కార్తీకం వచ్చిందంటే విజయవాడ, గుంటూరుల్లో చాలా ఇళ్లలో నెల రోజులు నీసు ముట్టరు. చికెన్ కొట్లు వెలవెలబోతాయి, కృష్ణ ఒడ్డున స్నానాల రద్దీ మొదలవుతుంది, పత్రికల్లో శాకాహారం గొప్పదనం మీద వ్యాసాలు వస్తాయి. ఆ వ్యాసాలతో మాకు పేచీ లేదు. అయితే నీసు తీసేసిన చోట కంచంలోకి ఏం వచ్చిందన్న సంగతి మాత్రం వాటిలో ఉండదు. ఎక్కువగా వచ్చేది బంగాళాదుంప వేపుడు, పులిహోర, ఉపవాసం విడిచాక పునుగులు, బజ్జీలు. అదీ శాకాహారమే, కాదనలేం. కానీ ఆ మార్పులో పెరిగింది అన్నం, దుంప, నూనె. తగ్గింది ప్రొటీన్.

ఎవరింటి సంగతి వాళ్లు తేల్చుకోవడానికి కూరల సంచీ తిరగేయక్కర్లేదు, కిరాణా చీటీ చూస్తే చాలు. నలుగురున్న ఇంట్లో నెలకు కందిపప్పు రెండు కిలోలు రాస్తున్నారనుకోండి. మనిషికి రోజుకు వచ్చేది పదహారు, పదిహేడు గ్రాములు. అందులో ప్రొటీన్ మూడున్నర గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 2000 కిలో క్యాలరీలు తీసుకునే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు (మాంసం, గుడ్లు తినేవాళ్లకు అవీ కలిపి), కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, వేరుశెనగల్లాంటి గింజలు 35 గ్రాములు, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు అని ఉంది. ఆ 85ని నలుగురితో, ముప్పై రోజులతో హెచ్చవేయండి. పది కిలోల పైచిలుకు తేలుతుంది. ఇడ్లీకి పోసే మినపప్పు, పెసలు, సెనగలు, పులుసులో వేసే అలసందలు అన్నీ ఆ లెక్కలోవే. పది అనగానే గుండె గుభేలుమంటే ఏడుతో మొదలుపెట్టండి. రెండు మాత్రం చాలవు.

ఆదివారం కిలో చికెన్ నలుగురు తింటే, ఎముకలు పోను, మనిషికి ముప్పై గ్రాముల దాకా ప్రొటీన్ అందుతుంది. దాని బదులు పెట్టే పప్పుచారులో పప్పు కంటే చారే ఎక్కువ కాబట్టి రెండు మూడు గ్రాములకు మించదు. హోటళ్ల శాకాహారం పేజీ ఇంకో తమాషా: పుట్టగొడుగులు, బేబీకార్న్, గోబీ. వంద గ్రాములు తిన్నా రెండు మూడు గ్రాముల ప్రొటీనే. పనీర్ ఒక్కటే లెక్కకు నిలుస్తుంది, దానికున్న కొవ్వుతో సహా. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే పదును మీద మినుములు, పెసలు చల్లుతారు. గుంటూరు పక్కనే ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం నుంచి ఎల్‌బీజీ 752 లాంటి మినుము రకాలు వచ్చాయి. అంత పప్పు పండే చోట మెనూ కార్డులో అలసందల కూరో, చిక్కుడు గింజల ఇగురో కనపడటం ఎంత అరుదు!

ఇంట్లో పప్పు పెంచుదామన్నా మొదట ఎదురయ్యే అడ్డంకి ఉడకకపోవడం. గోంగూర పప్పే చూడండి. కందిపప్పు, గోంగూర, పచ్చిమిర్చి, ఉప్పు అన్నీ ఒకే గిన్నెలో పడేసి కుక్కర్ మూత పెట్టేస్తారు. ఆరు విజిల్స్ వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పుగింజలోని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో సరిగా కరగదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం దాన్ని మరింత గట్టిపరుస్తుంది. అందుకని పప్పును విడిగా, తాగే నీళ్లతో ఉడికించాలి. నలుగురికి 200 గ్రాముల కందిపప్పు కడిగి అరగంట నానబెట్టి, మూడింతలు నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా నూనె వేసి నాలుగు విజిల్స్ రానివ్వండి. వంద గ్రాముల గోంగూర ఆకును పచ్చిమిర్చితో కలిపి వేరే మూకుడులో నూనెలో మగ్గించండి. ఐదారు నిమిషాల్లో ఆకు నల్లబడి ముద్దవుతుంది. పప్పు మెదిపాక ఆకు, ఉప్పు కలిపి, ఎండుమిర్చి, వెల్లుల్లి, నాలుగు మెంతులు తాలింపు పెట్టండి (కార్తీకంలో వెల్లుల్లి మానేవాళ్లు దాన్ని వదిలేయొచ్చు). మనిషికి పది గ్రాముల ప్రొటీన్ వచ్చినట్టే. చింతపండు వేసే ఏ పప్పుకైనా ఇదే పద్ధతి. తొందరకు వంటసోడా వేసే అలవాటుంటే మానండి. పప్పు మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది. ఇంత చేసినా ఉడకలేదంటే అది ఏళ్ల తరబడి గోదాములో మగ్గిన పాత పప్పు, కొట్టు మార్చండి.

రెండో ఫిర్యాదు గ్యాస్. సెనగలు, అలసందలు, ఉలవల్లో రాఫినోజ్ లాంటి చక్కెరలుంటాయి. అవి చిన్నపేగులో అరగవు, పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికిస్తే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మొదటి వారమే గిన్నెడు గుగ్గిళ్లు తినకుండా గుప్పెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకుంటే కడుపు సర్దుకుంటుంది. రాజ్మా విషయంలో మాత్రం జాగ్రత్త. నానిన గింజలు కనీసం పది నిమిషాలు గలగలా మరగాలి, సన్నసెగ మీద సగం ఉడికినవి తింటే వాంతులవుతాయి. కుక్కర్లో మెత్తగా ఉడికిస్తే ఆ భయం లేదు.

టిఫిన్లలో పెసరట్టును మించింది లేదు. 200 గ్రాముల పొట్టు పెసలు, రెండు చెంచాల బియ్యం ఐదారు గంటలు నానబెట్టి అల్లం, పచ్చిమిర్చితో రుబ్బితే ఎనిమిది అట్లు వస్తాయి. పిండి పులియక్కర్లేదు. ఒక్కో అట్టులో ఆరు గ్రాముల ప్రొటీన్, అంటే ఒక గుడ్డుకు సమానం. కరకరలాడాలని బియ్యం గుప్పెళ్లు గుప్పెళ్లు పోస్తే అది దోశే అవుతుంది. లోపల ఉప్మా కూరడం రుచికే తప్ప లెక్కకు పనికిరాదు. పక్కన అల్లం పచ్చడితో పాటు వేరుశెనగ పచ్చడీ ఉండనివ్వండి. నియమంగా మినుములు కూడా మానే ఇళ్లకు ఈ నెలలో ఇడ్లీ ఉండదు కాబట్టి పెసర, కంది, అలసందే ఆధారం.

కోడికూర లాంటి కూర కావాలనే పిల్లలకు మీల్‌మేకర్ ఉంది. 50 గ్రాముల ఎండు ముక్కల్లో ఇంచుమించు 25 గ్రాముల ప్రొటీన్. చాలామందికి నచ్చకపోవడానికి కారణం దాని పచ్చివాసన. ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలుంచి, గట్టిగా పిండి, చన్నీళ్లలో మళ్లీ రెండుసార్లు ముంచి పిండాలి. పిండని ముక్క నీళ్లతో నిండి ఉంటుంది, మసాలా లోపలికి దిగదు. పిండాక నూనెలో రంగు మారేదాకా వేయించి, అప్పుడు ఇగురులో వేయండి.

ఐరన్ సంగతి. పప్పులు, ఆకుకూరల్లోని ఐరన్ మాంసంలోని దానంత తేలిగ్గా ఒంటబట్టదు. సి విటమిన్ తోడైతే బాగా పడుతుంది. ఉసిరి కాయలొచ్చేది ఈ నెలలోనే కాబట్టి తోటకూర పప్పులోకి పచ్చి ఉసిరి తొక్కు చక్కగా సరిపోతుంది. ఆదివారాలు, రాత్రిళ్లు ఉసిరి ముట్టనివాళ్లు నిమ్మకాయ పిండుకోండి, గిన్నె పొయ్యి మీంచి దించాకే. భోజనం అవగానే టీ, కాఫీ తాగితే ఈ శ్రమంతా వృథా. గంట ఆగాలి.

పాలు, పెరుగు కూడా మానేసేవాళ్లకు ఒక హెచ్చరిక. బి12 విటమిన్ పప్పుల్లో గానీ ఆకుకూరల్లో గానీ దొరకదు. లోపం బయటపడటానికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు మొదలైతే వయసు మీద నెడుతుంటారు. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో మాత్ర వేసుకోవాలి.

పోలి పాడ్యమి మర్నాడే చికెన్ కొట్టు ముందు బారులు తీరడం కొత్తేమీ కాదు. ఎలాగూ సోమవారమో శనివారమో నీసు తినని ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. ఆ రోజులకే ఒక పూట చిక్కటి పప్పు, ఒక పూట నానిన గింజల కూర ఖాయం చేసుకుంటే ఏడాదంతా సాగుతుంది. ముద్దపప్పు ఉన్నరోజు ఆవకాయ ముక్క ఒకటే చాలు. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటకూడదు, పచ్చళ్లలో అది ఎక్కువ. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ఈ కొలతలేవీ పాటించకుండా ముందు తమ డాక్టర్ని అడగాలి. వాళ్లకు పప్పు ఎంత తినాలన్న లెక్కే వేరు.

– విశ్రాంత గృహవిజ్ఞాన శాస్త్ర అధ్యాపకులు,
బ్రాడీపేట, గుంటూరు