సర్పికి మంత్రాలతో వారం పోగొట్టుకోవద్దు

ఎడిటర్ గారికి,

సర్పి (షింగిల్స్ అనే పొక్కుల జబ్బు) లేచిందంటే మన గుంటూరులో ఇప్పటికీ చాలామంది ముందు వెతికేది డాక్టర్ని కాదు, మంత్రం వేసేవాళ్లని. తర్వాత ఎర్రమట్టి పూత, అదీ అయ్యాక మెడికల్ షాపువాడు చేతికిచ్చిన ఏదో ఆయింట్‌మెంట్. ఈలోగా వారం అయిపోతుంది. నా బాధంతా ఆ వారం గురించే, ఎందుకంటే దీనికి డాక్టర్లు రాసే ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ లాంటి మాత్రలు పొక్కులు కనపడ్డ 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి.

మా వీధిలో మిర్చి యార్డుకు వెళ్లే ఒకాయన నడుం పక్కన మంటపుడితే కాయ ఘాటేమో అనుకుని కొబ్బరినూనె రాసుకున్నారు, ఇంట్లోవాళ్లు వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించారు. వాళ్లని ఏమనగలం, ఈ జబ్బు మొదలయ్యేదే అలా. పొక్కులకు కొన్ని రోజుల ముందే ఒకచోట మంట, పోటు, చొక్కా తగిలినా ఓర్చుకోలేనంత. ఛాతీ దగ్గరైతే గుండెపోటేమోనన్న టెన్షన్‌తో ఈసీజీకి పరిగెడతారు (పరిగెత్తాల్సిందే, అందులో తప్పు లేదు). ఆ తర్వాత ఒంటికి ఒక పక్కనే పట్టీలా నీటిపొక్కులు గుత్తులుగా లేస్తాయి. రెండో పక్కకు దాటడం అరుదు. చుట్టూ తిరిగి తలాతోకా కలిస్తే మనిషి పోతాడన్నది వట్టి భయం.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ల నరాల్లో దాక్కున్న వైరసే ఇది, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు మళ్లీ లేస్తుంది, 50 దాటినవాళ్లలో ఎక్కువ. పొక్కులు మాడిపోయినా పోటు కొందరిని నెలల తరబడి నిద్రపోనివ్వదు. నుదుటి మీదో ముక్కు కొసనో లేస్తే మాత్రం ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, చూపుకే ముప్పు. పొక్కుల నీరు తగిలితే అంతకుముందు ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ వస్తుంది, అందుకే గర్భిణులను, పసిపిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

50 దాటినవాళ్ల కోసం షింగ్రిక్స్ అనే టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఖర్చు వేలల్లో, పెన్షన్ మీద బతికేవాళ్లు అడిగి వెనక్కి వచ్చేసే ధర. పసిపిల్లలకు ఇన్ని టీకాలు ఉచితంగా వేస్తున్న ప్రభుత్వం కనీసం షుగరున్న పెద్దవాళ్లకైనా పెద్దాసుపత్రిలో తక్కువ ధరకు ఇప్పించాలి. అది తేలేలోపు పైసా ఖర్చులేని పని ఒకటుంది, బీపీ, షుగర్ చూడ్డానికి ఇంటికొచ్చే ఏఎన్ఎంలు, ఆశాల చేత సర్పి గురించి నాలుగు ముక్కలు చెప్పించడం. మీరు కూడా రాశిఫలాల పక్కన కాస్త చోటివ్వండి, పెద్దవాళ్లు రోజూ తప్పకుండా చదివేది ఆ పేజీయే.

- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు