నోటిమాట మీద ఇల్లు, మీటరు మీద బాకీ

చిరంజీవి రమ్యకు,

అమ్మ ఆశీస్సులు. కూకట్‌పల్లిలో పోర్షను కుదిరిందని, ఇంటావిడ "అగ్రిమెంటు ఎందుకమ్మా, మాట చాలదా" అందని చెప్పావు. చాలుతుంది. ఏడాదికి మించని అద్దెకు కాగితం లేకపోయినా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకుంటుంది. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అందరూ పదకొండు నెలలకు రాసుకునేది అందుకే. గడువేమీ అనుకోకపోతే నెలవారీ అద్దె కింద లెక్క. ఎవరు వద్దనుకున్నా 15 రోజుల ముందు రాతలో చెప్పాలి.

తగువు ఎక్కువగా కరెంటు బిల్లు దగ్గర పుడుతుంది. మీటరు ఆవిడ పేరు మీద ఉంటుంది, నువ్వూ ఆవిడా ఏమనుకున్నారో డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, అనవసరం. బాకీ ఉంటే 15 రోజుల నోటీసు ఇచ్చి ఫ్యూజు పీకేస్తారు. పాత అద్దెవాళ్లు ఎగ్గొట్టి పోయిన బిల్లయినా సరే, చీకట్లో కూర్చునేది నువ్వే.

అందుకని అడ్వాన్సు ఇవ్వకముందే పాత బిల్లు ఒకటి అడుగు. దాని మీద యూఎస్‌సీ నంబరు, అంటే ఆ కనెక్షన్ గుర్తింపు నంబరు, ఉంటుంది. ఫోన్‌పేలో మీ డిస్కం టీజీఎస్పీడీసీఎల్‌ను ఎంచుకుని ఆ నంబరు కొడితే కట్టాల్సింది ఎంతో కనిపిస్తుంది. బాకీ ఉంటే ఆవిడ చేత కట్టించు, లేదా నువ్వు కట్టి మొదటి నెల అద్దెలో మినహాయించుకునేలా మెసేజిలో ఒప్పించు.

చేరే రోజు మీటరు ఫోటో తియ్యి. తెరమీద అంకెలు మారుతుంటాయి. కేడబ్ల్యూహెచ్ అని వచ్చినదే నీకు కావలసిన రీడింగు. తర్వాత నీ పోర్షను మెయిన్ ఆపి, మీటరు మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటు చూడు. అదింకా కొట్టుకుంటుంటే బోరు మోటారో, మెట్ల లైటో నీ మీటరుకే తగిలించారన్నమాట. అది ఆ రోజే తేల్చుకోవాలి, మూడు నెలలయ్యాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఒకే మీటరు మీద రెండు పోర్షన్లుంటే ఇంకా జాగ్రత్త, మొత్తం యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లతో, 150 యూనిట్లు విడి మీటరు మీద కాలిస్తే యూనిట్ల చార్జీ 580 రూపాయలు. రెండిళ్లవీ కలిసి 300 అయితే మొదటి 200కే 5.10 చొప్పున పడి మొత్తం 1,790 అవుతుంది, నీ వాటా 895. అంటే ఆవిడ మోసం చేయకపోయినా నీకు 315 ఎక్కువ. నీ పోర్షను వాడకం కొలవడానికి ఆవిడ పెట్టిన సబ్‌మీటరుకు యూనిట్ పది రూపాయలని గంపగుత్తగా చెబితే మాత్రం ఒప్పుకోకు, అసలు బిల్లు చూపించి వాటా వేయమను.

బిల్లులో ఏసీడీ అని ఎప్పుడైనా పెద్ద మొత్తం వస్తే అది నువ్వు కాల్చినది కాదు. కనెక్షన్ మీద పెంచే డిపాజిట్. ఆవిడ పేరునే ఉండిపోతుంది, నువ్వు ఖాళీ చేసినా నీకు రాదు. కాబట్టి అది ఆవిడే పెట్టుకోవాలి.

ఇక వాట్సాప్‌లో ఇలా రాయి: "ఆంటీ, మనం అనుకున్నట్టు అద్దె 14,000, అడ్వాన్సు 28,000. కరెంటు ఈ ఫోటోలోని రీడింగు నుంచి నాది. నీళ్లు, మెయింటెనెన్సు మీవి." ఆవిడ "సరేనమ్మా" అంటే అదే సాక్ష్యం. అనకపోతే ఫోన్ చేసి జవాబు పెట్టించు, మొహమాటపడకు. అద్దె యూపీఐలోనే పంపు. కరెంటు డబ్బు ఆవిడ చేతికివ్వకుండా యూఎస్‌సీ నంబరు మీద నువ్వే కట్టు, రసీదు నీ దగ్గర ఉంటుంది.

మొదటి బిల్లులో పాతవాళ్ల రోజులు కూడా కలిసి వస్తాయి, నీ ఫోటోలోని రీడింగు తీసేసి మిగిలిన యూనిట్లకే నీ వాటా ఇవ్వు. ఖాళీ చేసేటప్పుడూ అంతే: చివరి రీడింగు ఫోటో, అప్పటిదాకా లెక్క, తర్వాత అడ్వాన్సు. నువ్వు ఎగ్గొట్టిన బిల్లును అడ్వాన్సులో పట్టుకుంటే అది ఆవిడ హక్కే, దానికి పోట్లాడొద్దు.

యూఎస్‌సీ నంబరు దొరకగానే నాకూ పంపు, రాత్రికి చూసి బాకీ ఉందో లేదో చెబుతాను.

మీ అమ్మ