ముందు కూలి, తరువాత కానుక

ప్రియమైన చిన్నబాబుకు,

అమ్మ ప్రభువు నామమున శుభములు తెలియజేస్తూ వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. ఫోనులో మాట్లాడబోతే నీకు సైటు నుంచి ఎవరో ఒకరు అడ్డం వస్తారు, నేను చెప్పదలచినది సగంలో ఆగిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ దగ్గర పనిచేసే తాపీ మేస్త్రి భార్య మొన్న మన ఇంటికి వచ్చింది. గొడవకు రాలేదు. సంచిలో నుంచి పొడుగాటి లెక్కల పుస్తకం తీసి, అట్ట మీది సిమెంటు పొడిని కొంగుతో తుడిచి, నా ముందు తెరిచి పెట్టింది. ప్రతి శనివారం ఎదుట బట్వాడా అందినట్లు టిక్కు ఉంది. చివరి మూడు వారాలకు లేదు. కింది కూలీలకు మాత్రం వాళ్లు వడ్డీకి తెచ్చి ఇచ్చారట. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని అంటే, "బాబుగారు ప్రార్థన చేసుకునే మనిషి కదమ్మా, ఎగ్గొట్టరులే అని ఊరుకున్నాం" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. యవనస్థుల కూడికలో నువ్వు చెప్పే సాక్ష్యాన్ని ఆమె ఎన్నడూ వినలేదు, మన మందిరం గడప తొక్కనూ లేదు. అయినా నీ భక్తినే హామీగా నమ్మి అప్పు చేసింది. నువ్వు ప్రార్థించే మనిషివి కాకపోయి ఉంటే, రెండో వారమే పని ఆపి నీ ఎదుట నిలబడి తమ డబ్బు రాబట్టుకునేవారు. అంటే, నాన్నా, నీ విశ్వాసం వల్ల ఆ కుటుంబానికి ఇప్పటివరకు కలిగింది నష్టమే.

ఇంటి యజమాని స్లాబు బిల్లు ఆపాడని నాకు తెలుసు. కానీ అదే నెలలో మందిరం పోర్టికోకు యాభై వేలు ఇస్తానని సంఘం ఎదుట మాట ఇచ్చావు. మార్కు సువార్త ఏడవ అధ్యాయం ఒకసారి నిదానంగా చదువు. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను అని, దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు గద్దించాడు. మేస్త్రికి చెందవలసినదాన్ని కానుకల పెట్టెలో వేస్తే మాత్రం మెచ్చుకుంటాడా? కూలివాని కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. అతడు బీదవాడు, ఆ డబ్బు మీదనే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా చెబుతుంది. యాకోబు పత్రికలోనైతే, బిగపట్టిన కూలే నోరు తెరిచి మొఱ్ఱపెడుతుంది. అది మొఱ్ఱపెడుతుండగా మన పాటలు దేవునికి ఎలా వినబడతాయి?

మన ఒంగోలు సంగతే చూడు. 1876–78 కరువులో ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఆకలితో వచ్చినవారికి వాక్యం చెప్పి పంపివేయలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టి, పని చూపించి కూలి ఇచ్చారు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం అడిగినవారిని, తిండి కోసం అడుగుతున్నారేమోనని, కరువు సాయం ముగిసేదాకా ఆగమన్నారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సభల్లో అందరూ గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు తవ్విన ఆ మూడు మైళ్లే గొప్పగా కనిపిస్తాయి. బోధించిన నోరూ, కూలి లెక్కపెట్టిన చెయ్యీ ఒక్కచోటివే అని జనం కళ్లారా చూశారు.

కూడికల్లో మాట్లాడడం మానుకోమని నేను అనడం లేదు. నీకు దేవుడిచ్చిన వాక్కు మంచిది. అయితే వచ్చే శనివారం పొద్దు గుంకకముందే ఆ మూడు వారాల బట్వాడా, వాళ్లు కట్టిన వడ్డీతో సహా, చెల్లించు. మనిషి చేత పంపవద్దు, నువ్వే వాళ్ల ఇంటికి వెళ్లి, ఆలస్యానికి క్షమించమని ఇద్దరినీ అడుగు. సంఘ పెద్దలను కలిసి, పోర్టికో డబ్బు ఇప్పట్లో ఇవ్వలేనని, ఎందుకు ఇవ్వలేవో కూడా, ఉన్నది ఉన్నట్లు చెప్పు. చేతిలో అంత లేకపోతే పోస్టాఫీసులో నా డిపాజిట్ ఉంది. గురువారంలోగా కబురు చేస్తే శుక్రవారం తీసి ఉంచుతాను. అది నీకు అప్పుగానే ఇస్తాను. బిల్లు వచ్చిన వెంటనే తిరిగి కట్టాలి.

నీ కోసం ప్రార్థించే,
అమ్మ