వార్షిక నివేదిక: తియాత్ర్ గాయనీనటుల అధ్యయనం

సభ్యులందరికీ నమస్కారం.

ముంబయిలోని తెలుగు నాటకాభిమానులుగా మనం ఈ ఏడాది పొరుగువారి రంగస్థలం మీద పని చేశాం. గోవా వాళ్ల కొంకణి సంగీత నాటకమైన తియాత్ర్‌లో నటిస్తూ పాడిన స్త్రీల వృత్తి జీవితమే విషయం. కామాటిపురాలో మనవాళ్లు స్థిరపడ్డట్టే, ధోబీ తలావ్, కావెల్ గల్లీల్లో గోవా వాళ్లు ఊరి పేరున ఒక్కో 'కుడ్' పెట్టుకున్నారు. ఓడ పనికి, నౌకరీకి వచ్చిన మగవాళ్లు బస చేసే ఇళ్లవి. తియాత్ర్ పుట్టింది ఈ బొంబాయిలోనే. 1892 ఏప్రిల్ 17న, ఈస్టర్ ఆదివారం నాడు, లుకాసిన్యో రిబేరో తొలి తియాత్ర్ 'ఇటాలియన్ భుర్గో' ఆడించారు. ఆ రోజు నటించినవాళ్లలో గోవాలోని మడ్‌గావ్ బోర్డాకు చెందిన జువాంవ్ ఆగస్తిన్యో ఫెర్నాండిస్ ఒకరు. తియాత్ర్‌కు తండ్రిగా ఈనాటికీ చెప్పుకునేది ఆయన్నే.

మొదటి పన్నెండేళ్లు స్త్రీ పాత్రలు మగవాళ్లే వేశారు. 1904లో జువాంవ్ రాసిన 'భట్‌కారా'లో ఆయన భార్య రెజీనా ఫెర్నాండిస్ గైటీ థియేటర్ వేదిక ఎక్కారు. తరవాతి కాలంలో క్యాపిటల్ సినిమా హాలుగా మారిన భవనం అదే. తియాత్ర్‌లో నటించిన మొదటి స్త్రీ ఆమె. సురభి నాటక కుటుంబాల్లో స్త్రీలు నటించడం మనకు అలవాటైన సంగతే. కానీ అదే కాలపు తెలుగు వేదిక మీద మిగతా నాటక సమాజాల్లో స్త్రీ వేషం మగవాళ్లదే. ఆ తరవాత కూడా స్త్రీ వేషాలతోనే పేరు పొందిన స్థానం నరసింహారావు గారిని తలుచుకుంటే చాలు. అందుకే రెజీనా అడుగు ఎంత పెద్దదో మనకు ఇట్టే తెలుస్తుంది. ఆమెను కూడా కుటుంబమే వేదిక ఎక్కించింది, సురభిలో జరిగినట్టే.

నటి ఒక్క సాయంత్రంలో చేయవలసిన పని మీదే అధ్యయన బృందం ఎక్కువ సమయం పెట్టింది. తియాత్ర్‌లో ఆరేడు 'పర్దో'లు, అంటే అంకాలు, ఒక్కొక్కటి సుమారు పావుగంట. రెండు పర్దోల మధ్య తెర దించి, దాని ముందు రెండు మూడు పాటలు పాడతారు. వెనక సామాను మార్చడానికి దొరికే వ్యవధి అదే. ఈ పాటలకు కథతో సంబంధం ఉండదు. సోలో, డ్యూయెట్, ట్రయో, హాస్యం, రాజకీయం, ఏదైనా కావచ్చు. కథలో భాగంగా వచ్చేవి వేరే ఉంటాయి, వాటిని 'కాంత్' అంటారు. తెర పడేముందు ఏడ్చిన నటే కొన్ని నిమిషాల్లో వేరే దుస్తులతో తెర ముందుకొచ్చి నవ్వించే పాట ఎత్తుకోవాల్సి రావచ్చు. గొంతులోని ఏడుపు జీర పోకపోతే మొదటి పాదం తేలిపోతుంది.

సాధన తరగతుల్లో మనవాళ్లు తడబడింది కూడా పాటల దగ్గరే. పద్యనాటకం అలవాటున్న గొంతు పాదం చివర రాగం తీస్తుంది. హార్మోనియం ఆగుతుంది కానీ తియాత్ర్ బ్యాండు ఆగదు. ట్రంపెట్, శాక్సొఫోన్, బేస్, డ్రమ్స్, కీబోర్డు లెక్క ప్రకారం సాగిపోతాయి. స్వరం పట్టుకుని నిలబడితే కింద బ్యాండు కలిపి వాయించే స్వరాల గుంపు (కార్డ్) మారిపోతుంది, పట్టుకున్న స్వరమే అపస్వరం అవుతుంది. పైగా పాదం పూర్తయ్యే చోట ట్రంపెట్ తన ముక్క వాయించాలి, ఆ జాగా గాయకురాలు తినేయకూడదు. ముందు బ్యాండు లేకుండా చప్పట్లతో పాదాలు చదివించి, ఆ తరవాత స్వరం చేర్పిస్తే కుదిరింది. 'వన్స్ మోర్' పద్ధతి కూడా వేరు. మనం పద్యాన్నే మళ్లీ పాడతాం. అక్కడ రెండోసారి పిలిస్తే కొత్త చరణంతో వచ్చే గాయకులున్నారు. అది ముందే రాసి పెట్టుకోవాలి.

ఉచ్చారణకు మన పాత లిపి అక్కరకొచ్చింది. కొంకణిని రోమన్ అక్షరాల్లో రాస్తే పదాంతంలోని 'ఎం' చాలాచోట్ల అనునాసికాన్ని సూచిస్తుంది, మకారంగా పలకకూడదు. దానికి అరసున్న పెట్టాం. 'నాది' అనే మాట పుంలింగంలో 'మ్హొౙొ', స్త్రీలింగంలో 'మ్హొజి'. మొదటిది 'ౙడ'లోని ధ్వని, రెండోది 'జింక'లోది. ౘ, ౙ తెలిసిన తెలుగువాళ్లకు ఇది ఒక్క పూట పని. పాటల పత్రాలన్నీ ఈ పద్ధతిలోనే తిరగరాయించాం.

రికార్డుల పని నెమ్మదిగా సాగింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల గ్రామఫోన్ పళ్లెం ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పడుతుంది. కాబట్టి పళ్లెం మీదున్న పాటే వేదిక మీది పాట మొత్తం అనుకోకూడదు. సభ్యులు తెచ్చే పళ్లేలను ఎల్పీ సూదితో వాయించవద్దు. ఆ సన్న సూది వెడల్పాటి గాడి అడుగున దొర్లుతుంది, గరగర తప్ప గొంతు వినిపించదు. 78కి దాదాపు 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) సూది కావాలి. స్పిరిట్‌తో తుడవడం అసలే వద్దు, పళ్లెంలోని లక్క కరుగుతుంది. స్వేదనజలం, మెత్తటి బ్రష్ చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి. పాత పళ్లేలన్నీ సరిగ్గా 78 చుట్లవి కావు. 74 చుట్ల మీద రికార్డు చేసిన దాన్ని 78లో తిప్పితే శ్రుతి దాదాపు అరస్వరం పెరుగుతుంది. నిండైన గొంతు కూడా పీలగా వినిపిస్తుంది, ఆ గాయని మీద మన అంచనాయే తప్పుతుంది. అందుకే వేగం సరిచూశాకే రాసుకుంటున్నాం.

అన్నిటికన్నా కష్టం పేర్లతోనే వచ్చింది. కరపత్రాల మీద, పళ్లేల మీద మిస్ జూలీ, మిస్ కార్లోటా అన్నట్టు అచ్చయిన పేర్లుంటాయి. ఇంటిపేరు ఉండదు. పెళ్లయ్యాక పేరు మారితే ఒకే మనిషి ఇద్దరుగా నమోదవుతుంది. రెజీనాను సైతం ఎక్కువచోట్ల భర్త పేరు చెప్పాకే గుర్తిస్తారు. ఇది మనకు బాధ కలిగించిన విషయం. అందుకే మన పట్టికలో నటి పేరును మొదటి గడిలో పెట్టాం. వేదిక మీది పేరు, పాత్ర, నాటకం, హాలు, తేదీ, పక్కన పాడినవారు వరసగా వస్తాయి. ఆధారం లేని గడి ఖాళీగానే వదలాలి, ఊహించి నింపకూడదు.

వచ్చే ఏడాది క్రిస్ పెరీ బ్యాండుతో పాడిన కొంకణి గాయని లోర్నా కొర్దైరో పాటల దగ్గరికి వెళ్తాం. 'బెబ్దో', 'పిస్సో' పాటల్లో ఆమె బ్యాండుకు ఎక్కడ జాగా వదిలిందో, ఎక్కడ తోసుకుని ముందుకొచ్చిందో పాదం పాదం గుర్తించాలని ఆలోచన. ఇళ్లలో పాత కరపత్రాలు, పాటల పుస్తకాలు ఉన్నవారు ప్లాస్టిక్ అంటించకుండా, పిన్నులు తీసి, విడి కాగితాల్లా తీసుకురండి. ఫొటో తీసి అదే రోజు తిరిగి ఇస్తాం. జమాఖర్చుల పత్రం సర్వసభ్య సమావేశంలో విడిగా ఉంచుతున్నాం.

కార్యవర్గం